కారు నాకా, ఇంటికా?

మూడు నెలలు ఒక ఎక్సెల్ షీట్‌తో కాపురం చేశాను. అందులో నాలుగు చిన్న ఎలక్ట్రిక్ కార్లు, పద్దెనిమిది కాలమ్‌లు. బ్యాటరీ, రేంజ్, ధర, వారంటీ, ఛార్జింగ్ టైమ్... సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, ఏం కొనాలన్నా ముందు షీట్ ఓపెన్ చేయడం అలవాటు. ఆ షీట్ మొత్తాన్ని మా నాయన ఒక్క ప్రశ్నతో పక్కన పెట్టించాడు.

మాది శాంతిపురం పక్కన పల్లె. నేను ఉండేది బెంగళూరులో. నాయనకు ఏడాదిగా డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు కుప్పం పోయి రావాలి. రానూపోనూ 40 కిలోమీటర్లలోపే. పోయేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు బాడుగ ఆటో. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి కూర్చోలేడు. ఒకరోజు ఆటోలోనే అమ్మ ఒళ్లోకి వాలిపోయాడని చెల్లి ఫోన్ చేసింది. ఆ రాత్రే కారు కొనాలని డిసైడ్ అయ్యాను.

నిజం చెప్పాలంటే నా మనసు మొదట ఎంజీ కామెట్ మీద పడింది. పొడవు మూడు మీటర్లకు కాస్త తక్కువ. బెంగళూరు సందుల్లో అలా తిప్పేయొచ్చు. మా అపార్ట్‌మెంట్‌లో నాకిచ్చిన ఇరుకు పార్కింగ్‌లో చక్కగా పడుతుంది. 17.3 కిలోవాట్ అవర్ బ్యాటరీ, కంపెనీ చెప్పే రేంజ్ 230 కిలోమీటర్లు. (కిలోవాట్ అవర్ అంటే కంగారు పడకండి, మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంతే.) మా ఊరు బెంగళూరుకు సుమారు 120 కిలోమీటర్లు. ఒక్క ఛార్జింగ్‌తో ఇంటికి చేరిపోవచ్చు, ఇంకేం కావాలి అనుకున్నాను.

అసలు ఇలాంటి బుల్లి ఎలక్ట్రిక్ కారు మనకు కొత్తేమీ కాదు. 2001లోనే బెంగళూరు నుంచి రేవా వచ్చింది. అదీ రెండు డోర్లదే. సిటీలో ఆఫీసుకు పోయి వచ్చేవాళ్లకు సరిపోయే బండి. కామెట్ కూడా అంతే, తన పని తాను బాగానే చేస్తుంది. కానీ నా పని వేరు. ఆ సంగతి నాకు షోరూమ్‌లో తెలిసింది.

నాయన చెకప్‌కు బెంగళూరు వచ్చినప్పుడు షోరూమ్‌లకు తీసుకుపోయాను. కామెట్ ముందు సీటులో దర్జాగా కూర్చున్నాడు. "బాగుండాది రా" అన్నాడు. వెనక్కి పోవాలంటే మాత్రం ముందు సీటు మడవాలి, వంగి లోపలికి దూరాలి. డయాలసిస్ అయ్యాక వాలిపోయే మనిషి, పక్కన పట్టుకోవడానికి అమ్మ, ఇద్దరూ వెనక కూర్చోవాలి. నాయన డోర్ పట్టుకుని ఒక్క నిమిషం నిలబడ్డాడు.

"ఈ కారు ఎవురికి రా?"

"మనకే నాయనా."

"మనకైతే యాడ పెడతావు?"

"బెంగళూరులో. శని, ఆదివారాలు తెస్తా కదా."

"నాకు సూది గుచ్చేది సోమారం కదరా!"

నా దగ్గర జవాబు లేదు. పద్దెనిమిది కాలమ్‌లలో "సోమవారం ఎవరు నడుపుతారు?" అనే కాలమ్ ఒక్కటీ లేదు.

ఇంటికి వచ్చి షీట్ మళ్లీ రాశాను. ఈసారి కారు శాంతిపురంలోనే ఉంటుంది. నడిపేది డీఎస్సీకి చదువుతున్న చెల్లి. వెనక డోర్లు తప్పనిసరి.

అలా మిగిలినవి రెండు. టాటా పంచ్ ఈవీ, టాటా టియాగో ఈవీ. పంచ్ ఎత్తుగా ఉంటుంది, నాయన మోకాళ్లకు హాయి. 2024లో భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు వచ్చాయి. మనసు అటే లాగింది కానీ మా బడ్జెట్ దాటిపోయింది. టియాగో సీటు కాస్త కిందికి. నాయన రెండుసార్లు ఎక్కి దిగి చూశాడు. "డోరు పట్టుకుని దిగొచ్చులే" అన్నాడు. 24 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న మోడల్ ఖాయం చేశాం.

ఇప్పుడు డబ్బు లెక్క. కంపెనీ రేంజ్‌ను అలాగే నమ్మకండి. ఏసీ, ఎత్తుపల్లాలు, స్పీడు, అన్నీ దాన్ని తినేస్తాయి. హోస్కోటె నుంచి బేతమంగళ వరకు వేసిన కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మీద 100 స్పీడులో పోతే ఇంకా పడిపోతుంది. ఛార్జింగ్‌లో పోయే కరెంటు కూడా కలుపుకుని నేను యూనిట్‌కు 7 కిలోమీటర్లే వేసుకున్నాను. నెలకు 700 కిలోమీటర్లంటే 100 యూనిట్లు.

మన రాష్ట్రంలో ఇంటి కరెంటు శ్లాబుల్లో ఉంటుంది. 76 నుంచి 125 యూనిట్ల వరకు 4.50 రూపాయలు, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, అది దాటితే 8.75. మా ఇంట్లో ఇప్పటికే 100 యూనిట్లు కాలుతుంది. కారు వల్ల పెరిగేది 560 రూపాయల పైచిలుకు, మిగతా ఛార్జీలు వేరే. మీ ఇంట్లో ఏసీ ఉండి ఇప్పటికే పై శ్లాబులో ఉంటే మీ లెక్క మారిపోతుంది. అదే పెట్రోలు కారైతే, లీటరుకు 15 కిలోమీటర్లు, లీటరు 110 రూపాయలు అనుకుంటే నెలకు 5,100 దాటుతుంది.

అంటే నెలకు 4,500 మిగులు. వినడానికి బాగుంది. కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి దిగింది. ఈవీల మీద ముందు నుంచీ 5 శాతమే. కాబట్టి పెట్రోలు కారు మరింత చవకయింది. పోల్చిన రెండు కార్ల మధ్య మూడు లక్షల తేడా వేసుకుంటే, అది తీరడానికి ఐదున్నరేళ్లు. కారు బెంగళూరులో ఉంచి నేను నెలకు 200 కిలోమీటర్లు తిప్పితే? ఈ జన్మకు తీరదు. ఈవీ లాభమా నష్టమా అనేది కారును బట్టి కాదు, అది తిరిగే కిలోమీటర్లను బట్టి ఉంటుంది.

కొనే ముందు ఇంకో రెండు పనులు. ఛార్జింగ్‌కు 15 యాంప్స్ సాకెట్ చాలు, కానీ ఎర్తింగ్ గట్టిగా ఉండాలి. కొళాయి పైపుకు తీగ చుట్టేస్తే కుదరదు. రెండోది, ఇంటి కనెక్షన్ లోడ్ పెంచమని అప్లికేషన్ పెట్టుకోవాలి. కరెంటు ఆఫీసును మా పెద్దోళ్లు ఇప్పటికీ రెస్కో అనే అంటారు. ఆ పని నాయన తనే చూసుకుంటానన్నాడు. కరెంటు పోతే ఎట్లా అని అమ్మ భయం. రోజుకు 40 కిలోమీటర్లకు రెండు మూడు గంటల ఛార్జింగ్ చాలు, రాత్రంతా టైమ్ ఉంది అని చెప్పాను. ఒక పూట ఛార్జింగ్ పెట్టకపోయినా బండి ఆగదు.

క్లచ్, గేర్ల గొడవ లేకపోవడంతో చెల్లి మూడు వారాల్లో నేర్చేసుకుంది. లైసెన్స్ వచ్చాక మొదటి సోమవారం నేను ఆఫీసు మీటింగ్‌లో ఉండగా ఫోటో పంపింది. వెనక సీటులో నాయన అమ్మ భుజం మీద తల పెట్టి నిద్రపోతున్నాడు.

నేను ఇప్పటికీ రైల్లోనే కుప్పం పోతున్నాను. స్టేషన్ బయట చెల్లి కారు పెట్టుకుని ఉంటుంది. డ్రైవింగ్ సీటు మాత్రం ఇవ్వదు.