జొహన్నా బేగం ప్రేమకథ ఏది?
డూప్లే దంపతుల కథ కోసం ప్రపంచన్ నవలలు తెరిచేవారికి దొరికేది వేరు

సరుకంతా సిద్ధంగా ఉంది. పేరాశగల ఫ్రెంచి గవర్నరు, పాండిచ్చేరిలోనే పుట్టిన అందగత్తె, ఒక కోట, ఒక ముట్టడి. జోసెఫ్ డూప్లే మిత్రుడు విన్సెన్స్ భార్య జీన్. భర్త పోయాక 1741లో చందర్‌నగర్‌లో డూప్లేను పెళ్లాడింది. మరుసటి ఏడాదే ఆయన పాండిచ్చేరి గవర్నరయ్యాడు. తమిళం తెలిసిన ఆమె వేగులను నడిపింది, దర్బారులతో ఉత్తరాలు సాగించింది, జొహన్నా బేగంగా పేరు మోసింది. ఇంతకంటే నవలకు ఏం కావాలి?

పుదుచ్చేరి రచయిత ప్రపంచన్ (1945-2018) ఆ కాలాన్నే పట్టుకున్నారు. 'మానుడం వెల్లుం', దాని కొనసాగింపు 'వానం వసప్పడుం' తమిళ చారిత్రక నవలను రాజుల అంతఃపురాల నుంచి వీధిలోకి దించాయి. రెండోదానికి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అయితే ప్రేమకథ కోసం వీటిని తెరిస్తే నిరాశ తప్పదు. ఇక్కడ ఊరిదే పెద్దపీట, జంటది కాదు.

కారణం ఆధారంలోనే ఉంది. ఈ నవలలకు ముడిసరుకు దుబాషీ ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761లో చనిపోయేదాకా రాసుకున్న డైరీ. (తెలుగువారికి ఆయన కొత్త కాదు. కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అంకితం పొందింది ఈయనే.) దుబాషీ కళ్లకు కనిపించేది కచేరీ, సరుకుల ధరలు, లంచాలు, ఎవరి మాట ఎవరు విన్నారన్నది. పడకటింటి ముచ్చట్లు ఆయన ఎక్కడ చూస్తాడు? పైగా ఆయనకు మేడమ్ అంటే గిట్టదు. 1748లో ఇంగ్లిషువారి ముట్టడి సమయంలో వేదపురీశ్వరుడి గుడి కూల్చివేత వెనక ఆమె ప్రోద్బలం ఉందని రాసుకున్నాడు. ఇలాంటి సాక్షిని నమ్ముకుని ఆమెను నాయికగా నిలబెట్టడం కష్టమే.

అలాగని పాఠకుడి అసంతృప్తిని కొట్టిపారేయలేం. శత్రువు రాతల్లో బతికిన ఆడమనిషికి గొంతు ఇవ్వగలిగేది నవలాకారుడే. చరిత్రకారుడు ఆధారం దగ్గర ఆగిపోతాడు, నవలాకారుడు ఆగనక్కర్లేదు.

అయితే రాయబోయేవాళ్లకు ముగింపు దగ్గర ఇంకో చిక్కుంది. 1754లో పదవి పోయి డూప్లే దంపతులు ఫ్రాన్సు చేరారు. 1756లో జీన్ పారిస్‌లో మరణించింది. 1758లో డూప్లే మళ్లీ పెళ్లి చేసుకున్నాడు.