మాడిన నారునకు మరల ఎరువు పెట్టరాదు

మిరప, టమాటా, వంగ నారును ఆరుబయటి మళ్ళలో గాక షేడ్‌నెట్టు పందిళ్ళ క్రిందను, ఇంటి వసారాలలోను, ప్రోట్రేలు అను గుంటల తట్టలలో పెంచు వాడుక మన పల్లెలలో హెచ్చినది. గ్రాముల లెక్కను కొను సంకరజాతి విత్తనము వృథా కాకుండుటకు ఇది మంచి పద్ధతియే. కాని యీ నారునకు ఒక ఆపద తరచు కలుగుటను మేము చూచుచున్నాము. ఆకులు కొనలనుండి మాడును, మొక్క గిడసబారును. రైతు దానిని ఆకలిగా నెంచి మరికొంత యూరియా నీటిలో కలిపి పోయును. రెండు మూడు దినములలో తట్ట యంతయు వాడిపోవును. మిరపనారు నాటునంతటి దగుటకు సుమారు ఆరు వారములు పట్టును గనుక, మరల విత్తవలసి వచ్చినచో విత్తనపు ధరయే గాక అదనుకూడ పోవును.

ఇట్లేల జరుగునో తెలిసికొనవలయును. నీటిలో కరగిన రసాయనపు టెరువు ఉప్పు వంటిదే. ఊరగాయలో వేసిన ఉప్పు మామిడిముక్కలోని నీటిని వెలికి లాగుట మన యిండ్లలో అందరును చూచినదే. అట్లే వేరు చుట్టును ఎరువు మితిమీరినచో వేరు నీటిని పీల్చుకొనజాలదు. మన్ను తడిగా నున్నను మొక్క దప్పిచేత వాడును. పొలములో వేసిన ఎరువు విశాలమైన నేలలో పరచుకొనును. వాన దానిని క్రిందికి దింపును. వసారాలోని తట్టపై వాన పడదు. దాని గుంటలో గుప్పెడు మన్నైనను లేదు. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజనియే గనుక చిటికెడు హెచ్చినను లేతవేరు దానికి తాళలేదు. కడుగని కొబ్బరిపొట్టు, మాగని పేడ, ఉప్పునీటి బావి కూడ ఇదే కీడు చేయును.

ఆకలికిని మాడుటకును భేదము గలదు. నత్రజని చాలనిచో ముందుగా క్రింది ముదురాకులు పసుపువన్నె చెందును. ఎరువు హెచ్చినచో ఆకుల కొనలును అంచులును గోధుమవన్నెకు తిరిగి ఎండును. మన్నుపై తెల్లని పొర కట్టుటయు గలదు. కాండము మొదట మెత్తబడి నారు పడిపోవుచున్నచో అది కుళ్ళు తెగులు. దానికి నీరు తగ్గించవలయునే గాని పోయరాదు. సందేహమైనచో ఒక మొక్కను పెరికి చూడుడు. వేరు తెల్లగా నున్నచో నారు కోలుకొనును.

మాడిన నారునకు చేయవలసిన పనులు ఇవి:

1. ఎరువులన్నియు వెంటనే ఆపవలయును.

2. ఉప్పులేని కాలువ నీటిని గాని వాననీటిని గాని, గుంటలోని మన్నుకు రెండు మూడింతలు, మెల్లగా పోసి అడుగు రంధ్రములనుండి పారనీయవలయును. ఇది ఒక్కమారు చాలును. తట్టను నిలువనీటిలో ఉంచరాదు. తరువాత పైమన్ను ఆరుచున్నప్పుడే నీరు పెట్టవలయును.

3. మూడు నాలుగు దినములు మధ్యాహ్నపు టెండ తగులనీయరాదు. చీకటి గదిలో మాత్రము పెట్టరాదు. వెలుతురు లేని నారు సన్నగా సాగిపోవును.

4. మన్ను రేగడియై గట్టిపడినదైనచో, ఎర్రమన్ను, ఇసుక, బాగుగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళుగా కలిపిన మన్నులోనికి సాయంకాలమున మార్చవలయును. మొక్కను కాండము పట్టి లాగక, వేరుమట్టితో తీసి, ఆకు పట్టి దింపవలయును.

5. క్రొత్తయాకు విప్పిన పిదపనే ఆహారము. లీటరు నీటికి అరగ్రాము 19:19:19 ఎరువు కలిపి వారమున కొకమారు పోసిన చాలును. ముందుగా పది మొక్కలకు పోసి, రెండు దినములు చూచి, తక్కిన వానికి పోయుట మేలు.

మాడిన అంచు మరల పచ్చబడదు. అందులకై దిగులు వలదు. క్రొత్తగా వచ్చు ఆకునే చూడుడు. పదిదినములైనను చిగురింపని మొక్కలను ఏరివేసి, తక్కువ పడినంత విత్తనమును ఆలసింపక విత్తుకొనవలయును.

ఈ నష్టము చాలవరకు చేతి కొలత వలన వచ్చుచున్నది. పిడికిటితోను చెంచాతోను వేసిన ఎరువు ఒకనాడున్నట్లు మరునాడుండదు. గ్రాములు తూచు చిన్న త్రాసు ఒక్కొక్కరు కొననక్కరలేదు. సభ్యులందరు కలసి ఒకటి కొని సంఘము కార్యాలయమున ఉంచుకొనినచో, నారుపోయు దినములలో ఊరందరికిని అక్కరకు వచ్చును.