కేంద్రము లేని చిట్టాలు

రేడియో కేంద్రము మూగవోయినచో వేయి యిండ్లలో ఆ ప్రసారము ఒక్కసారిగా ఆగిపోవును. కంప్యూటర్ల లోకమునందు ఈ యిబ్బంది లేని పద్ధతి యొకటి కలదు. అందు కేంద్రమనునది ఉండదు. ప్రతి యంత్రమును తన చిట్టాను తానే ఉంచుకొని, వీలు చిక్కినపుడెల్ల తక్కినవానితో పంచుకొనును. ఆ పద్ధతిని గూర్చి మేమిచ్చట ముచ్చటింపదలచితిమి.

చిక్కు యెచ్చట నున్నది? యంత్రములను కలుపు దారులు నమ్మదగినవి కావు. పంపిన వార్త యొకప్పుడు నడుమ పోవును; ఒకప్పుడు రెండుమార్లు చేరును; వెనుక పంపినది ముందుగా చేరుటయు కలదు. ఇట్టి స్థితిలో చిట్టాలన్నియు ఒక్కటిగా నుండుట యెట్లు?

అమెరికాలోని జిరాక్స్ సంస్థకు ఈ చిక్కు ఎదురయ్యెను. వారి నెట్‌వర్కులు కొన్ని వందలు, వేర్వేరు శక్తిగల టెలిఫోను తంతులతో కలుపబడి యుండెను. పేర్ల పట్టిక ప్రతులు అనేక యంత్రములలో నుండెడివి. 1987లో ఆలన్ డెమర్స్, ఆయన సహచరులు ఒక ఉపాయమును ప్రకటించిరి. అంటువ్యాధి పాకు తీరుననే వార్తను పాకించుటయే అది. ప్రతి యంత్రమును అప్పుడప్పుడు మరియొక యంత్రమును ఎంచుకొని, చిట్టాలు సరిచూచుకొనును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. నడుమ కొన్ని యంత్రములు చెడినను వార్త పాకుట ఆగదు.

ఇక చిట్టాలను కలుపుట. అన్నదమ్ములిద్దరు వేర్వేరు ఊళ్లలో నుండి, పెండ్లికి పిలువవలసినవారి పేర్లు వ్రాయుచున్నారనుకొందము. ఎవరి పట్టిక ముందు కలిపినను, ఒకే పట్టికను పదిమార్లు కలిపినను ఫలితమొక్కటే. కలుపు సూత్రమునకు ఈ గుణమున్నచో వార్తలు ఏ వరుసను చేరినను భయము లేదు. 2011లో మార్క్ షపీరో మున్నగువారు ఇట్టి సమాచార రూపములను శాస్త్రీయముగా నిర్వచించిరి.

అయితే కొట్టివేతయే కష్టము. అన్న యొక పేరు కొట్టివేసెను. తమ్ముని పట్టికలో అది యున్నది. రెండును కలుపగనే పోయిన పేరు మరల వచ్చును. అమెజాన్ సంస్థవారు సైతము 2007లో ప్రకటించిన వ్యాసమున, కొనుగోలుదారు తీసివేసిన వస్తువు బుట్టలో మరల కనబడవచ్చునని తెలిపిరి. జిరాక్స్ వారు దీనికి ముందే యొక విరుగుడు కనిపెట్టిరి. కొట్టివేసిన పేరునకు బదులు, కాలము వేసిన 'మరణ ధ్రువపత్రము' నుంచిరి. అదియు వార్తవలెనే పాకి, పాత పేరును ఎక్కడికక్కడ తొలగించును. కాని పత్రములన్నిటిని ఎల్లకాలము దాచుటకు చోటు చాలదు. త్వరపడి పారవేసినచో, చాలకాలము తెగియుండి తిరిగివచ్చిన యంత్రము పాత పేరును మరల తెచ్చిపెట్టును.

ఈ పద్ధతికి అంతకంటె పెద్ద హద్దు వేరొకటి కలదు. బస్సులో ఒక్క సీటే మిగిలినదనుకొందము. తంతి తెగియున్న వేళ రెండు ఊళ్లలోను ఆ సీటునే అమ్మిరి. తంతి అతుకగనే చిట్టాలు చక్కగా కలియును; బస్సు నొద్ద మాత్రము ఇద్దరు ప్రయాణికులు నిలువబడుదురు. పెండ్లి పట్టికవంటి వానికి ఎవరి అనుమతియు అడుగక వ్రాసికొనుట చెల్లును. సీటు, బ్యాంకు నిలువ వంటి వానికి మాత్రము, ఆలస్యమైనను, ముందుగా తక్కిన యంత్రముల సమ్మతి పొందవలసినదే. ఏది యే కోవకు చెందునో తేల్చవలసినవారు ఆ పనిని ఎరిగిన మనుష్యులు. యంత్రము దానిని తనంత తాను తేల్చలేదు.