నరాలను కుంగదీసే మాంగనీసు ధూళి
గని కార్మికుల నడకను, మాటను హరించే వ్యాధి

న్యూఢిల్లీ: ఉక్కుకు గట్టిదనాన్ని ఇచ్చే మాంగనీసు, దానిని తవ్వి తీసే కార్మికుడి నరాలను మాత్రం కుంగదీస్తుంది. ఖనిజాన్ని తొలిచేటప్పుడు, పొడి చేసేటప్పుడు లేచే ధూళిని ఏళ్ల తరబడి పీల్చిన వారిలో మెదడు దెబ్బతిని, పార్కిన్సన్ వ్యాధిని పోలిన లక్షణాలు బయటపడతాయి.

మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్, మహారాష్ట్రలోని నాగ్‌పూర్, భండారా, ఒడిశాలోని కెందూఝర్, సుందర్‌గఢ్ జిల్లాల్లో మాంగనీసు గనులు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి ప్రాంతం కూడా ఈ ఖనిజానికి పేరు పొందినదే. గనుల్లోనే కాక ఫెర్రో మాంగనీసు కొలుముల వద్ద, వెల్డింగ్ పొగ మధ్య పనిచేసే వారికీ ముప్పు ఉంది.

స్వల్ప మోతాదులో మాంగనీసు శరీరానికి అవసరమే. ఆహారం ద్వారా అందిన దానిలో అధిక భాగాన్ని కాలేయం పైత్యరసంతో పాటు బయటకు పంపివేస్తుంది. ఊపిరితిత్తుల ద్వారా చేరిన మాంగనీసు మాత్రం ఈ వడపోతకు ముందే రక్తంలో కలిసి మెదడుకు చేరుతుంది. కదలికలను నియంత్రించే బేసల్ గాంగ్లియాలో, ముఖ్యంగా గ్లోబస్ పాలిడస్ అనే భాగంలో పేరుకుపోయి నాడీ కణాలను దెబ్బతీస్తుంది.

తొలి దశలో తలనొప్పి, నీరసం, నిద్రలేమి, చిరాకు కనిపిస్తాయి. కొందరు అకారణంగా నవ్వుతారు, ఏడుస్తారు. చిలీ గనుల్లో దీనిని 'మాంగనీసు పిచ్చి' అని వ్యవహరించేవారు. తరువాత మాట తడబడుతుంది, ముఖంలో భావాలు మాయమవుతాయి, చేతిరాత చిన్నదవుతుంది. రోగి మునివేళ్లపై కోడిపుంజులా నడుస్తాడు. వెనుకకు అడుగు వేయబోతే పడిపోతాడు. పార్కిన్సన్ రోగులకు ఉపకరించే లెవోడోపా మందు వీరిలో అంతగా పనిచేయదు. ధూళికి దూరమైన తరువాత కూడా వ్యాధి ముదిరే అవకాశం ఉంది.

గ్లాస్గోలో మాంగనీసు ఖనిజాన్ని పొడి చేసే కార్మికులలో ఈ రుగ్మతను కూపర్ అనే వైద్యుడు 1837లోనే గుర్తించారు. మన దేశంలో 1952 నాటి గనుల చట్టం కింద దీనిని తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించారు. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ మూడో షెడ్యూల్‌లోనూ దీనికి చోటు కల్పించారు.

అయితే లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి గనుక, గనులు మారుతూ తిరిగే కాంట్రాక్టు కార్మికుడు తన వ్యాధికి కారణం ఫలానా గని అని రుజువు చేసుకోవడం కష్టం. అందుచేత నివారణే మేలు. నీటితో తడుపుతూ తొలవడం, గాలి సక్రమంగా ఆడేలా చూడడం, మాస్కులు, క్రమం తప్పని వైద్య పరీక్షలు ఇందుకు మార్గాలు. తడబడే నడకను వయోభారంగానో, తాగుడు ఫలితంగానో కొట్టివేయకుండా, రోగి చేసిన పని ఏమిటని వైద్యుడు ముందుగా అడగడం అంతకన్నా ముఖ్యం.