రొమ్ములో పుట్టి పొట్టకు పాకే జబ్బు

రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం అయింది. ఏళ్లు గడిచాయి. ఇప్పుడు రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోంది. వాంతులు, కడుపునొప్పి. మనిషి చిక్కిపోతోంది. "గ్యాసేలే" అని ఊరుకోవచ్చా? ఊరుకోకూడదు. ప్రతి కడుపునొప్పీ క్యాన్సర్ కాదు. అయినా చూపించుకోవాలి.

రొమ్ము క్యాన్సర్ కణాలు రక్తంలో కలిసి వేరే చోటికి పోగలవు. ఎక్కువగా ఎముకలకు, కాలేయానికి, ఊపిరితిత్తులకు చేరతాయి. అరుదుగా పొట్టకు, పేగులకు పాకుతాయి. పాలు తయారయ్యే గ్రంథుల్లో పుట్టే రకం ఇలా ఎక్కువగా పాకుతుంది. దాని పేరు లోబ్యులార్ క్యాన్సర్.

డాక్టరు నోట్లోంచి గొట్టం వేసి చూస్తారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. చూడడానికి ఇది పొట్టలో పుట్టిన క్యాన్సర్ లాగే ఉండవచ్చు. కానీ రెండింటికీ వైద్యం వేరు. పొట్టలో పుట్టినదైతే ఆపరేషన్ చేయవచ్చు. రొమ్ము నుంచి వచ్చినదైతే ముఖ్యంగా మందులే వాడతారు. పొరబడితే అక్కరలేని ఆపరేషన్ జరగవచ్చు.

అందుకే పాత జబ్బు సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. సిగ్గుపడి జబ్బును దాచకండి. పాత కాగితాలను మాత్రం భద్రంగా దాచండి. ఆసుపత్రికి వెంట తీసుకుపోండి.