పందేనికి ఏ కారు మంచిది?

పిల్లలూ! కార్ల గురించి మాట వస్తే మీలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "అన్నిటికంటే గొప్ప కారు ఏది?" అని. దీనికి జవాబు చెప్పే ముందు ఒక ఎదురు ప్రశ్న: "ఏ పనికి?"

మీరు రైల్వే కాలనీ పిల్లలు. ఈ సంగతి మీకు ఇట్టే తెలుస్తుంది. బొగ్గు వ్యాగన్లు లాగే డబ్ల్యూఏజీ-9 ఇంజన్‌ను, ఎక్స్‌ప్రెస్ రైళ్లు లాగే డబ్ల్యూఏపీ-7 ఇంజన్‌ను బిలాస్‌పుర్ స్టేషన్‌లో రోజూ చూస్తూనే ఉంటారు. రెండోది మొదటిదాని నుంచే పుట్టింది. శక్తిలో పెద్ద తేడా లేదు. ముఖ్యమైన తేడా గేర్ల నిష్పత్తిలో ఉంది. ఒకదాన్ని బరువు లాగడానికి, మరొకదాన్ని వేగంగా పరుగెత్తడానికి తగినట్టు అమర్చారు. ఏది గొప్పది అంటే ఏం చెబుతాం? పనిని బట్టి బండి. ఈ సూత్రాన్ని చక్కగా నేర్పే ఆట ఒకటి ఉంది. దాని పేరు ఆటోక్రాస్.

ఆటోక్రాస్ అంటే ఏమిటి?

ఖాళీగా ఉన్న పెద్ద మైదానంలోనో, వాడకంలో లేని విమానాల రన్‌వే మీదో ప్లాస్టిక్ కోన్లు పెట్టి మెలికలు తిరిగే దారి ఒకటి గీస్తారు. ఒక్కొక్క కారు విడిగా ఆ దారిలో వెళ్ళి రావాలి. పక్కన పోటీ పడే కారు ఉండదు. పోటీ అంతా గడియారంతోనే. అమెరికాలో దీన్ని ఎక్కువగా తారు లేదా సిమెంటు నేల మీద జరుపుతారు. మన దేశంలో చాలాసార్లు మట్టి నేల మీద జరుగుతుంది. మన దేశంలో మోటారు పందేల నియమాలు చూసే సంస్థ ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా.

కోన్ తగిలితే శిక్ష ఉంటుంది. 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నియమం ప్రకారం ఒక్కో కోన్‌కు 2 సెకన్లు కలుపుతారు. ఒకరు 48.6 సెకన్లలో ఏ కోనూ తాకకుండా వచ్చారనుకోండి. ఇంకొకరు 47.1 సెకన్లలోనే వచ్చి, ఒక కోన్ పడగొట్టారు. రెండో వారి లెక్క 49.1 సెకన్లు అవుతుంది. మొదటివారే గెలిచినట్టు. నిదానమే ప్రధానం అని మన పెద్దలు ఊరికే అనలేదు!

క్లాసులు ఎందుకు?

మన విద్యాలయ క్రీడల్లో 14 ఏళ్ల లోపు, 17 ఏళ్ల లోపు, 19 ఏళ్ల లోపు అని విభాగాలు ఉంటాయి కదా! ఆరో తరగతి పిల్లవాణ్ణి పన్నెండో తరగతి అన్నయ్యతో పరుగెత్తించడం న్యాయం కాదు. కార్లకూ అంతే. మన దేశంలో సాధారణంగా ఇంజన్ పరిమాణాన్ని బట్టి క్లాసులు పెడతారు. 1400 సీసీ వరకు ఒకటి, 1401 నుంచి 1650 సీసీ వరకు ఇంకొకటి, ఇలా ఉంటాయి. పాత మారుతీ ఎస్టీమ్ ఇంజన్ 1298 సీసీ కాబట్టి అది మొదటి దానిలోకి వస్తుంది. పాత హోండా సిటీ 1.5 లీటర్ల కారు రెండో దానిలోకి వెళుతుంది.

ఇప్పుడు కాస్త ఆలోచించండి. క్రీడల్లో 14 ఏళ్లు నిండిన మర్నాడే ఒక పిల్లవాడు పై విభాగంలోకి వెళ్తే, పదహారేళ్ల వాళ్ళతో తలపడాలి. ఒక్క రోజు తేడాతో వాడి పని కష్టమైపోయింది. 1405 సీసీ కారు ఉంటే దాని గతీ ఇంతే. అందుకే పందేనికి కారు ఎంచుకునేవారు షోరూముకు వెళ్ళే ముందు నియమాల పుస్తకం చదువుతారు. ఏ క్లాసులో ఆడాలో ముందు తేల్చుకుని, ఆ క్లాసు పైహద్దుకు దగ్గరగా ఉండి, తేలికగా ఉన్న కారు చూసుకుంటారు.

ఇంకో మెలిక ఉంది. కారుకు చేసిన మార్పులను బట్టి కూడా క్లాసు మారుతుంది. అమెరికాలో దాదాపు కొన్నది కొన్నట్టే ఉన్న కార్లకు స్ట్రీట్ అనే విభాగం ఉంది. అందులో స్ప్రింగులు మార్చినా కారు పై విభాగంలోకి పోతుంది. అక్కడ అంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టినవారు ఎదురవుతారు. డబ్బు పోసి చేయించిన మార్పే ఓటమికి దారి తీయవచ్చు.

లెక్క ఏం చెబుతుంది?

తొమ్మిది, పదకొండు తరగతుల వారికి ఈ భాగం సరదాగా ఉంటుంది. జారిపోకుండా మలుపు తిరగగల గరిష్ఠ వేగానికి సూత్రం ఇది:

వేగం వర్గం = ఘర్షణ గుణకం × గురుత్వ త్వరణం × మలుపు వ్యాసార్థం

మలుపు వ్యాసార్థం 20 మీటర్లు, పొడి తారు నేల మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుందాం. 0.8 × 9.8 × 20 = 156.8. దాని వర్గమూలం సుమారు 12.5. అంటే సెకనుకు 12.5 మీటర్లు, గంటకు 45 కి.మీ. అదే మట్టి నేల మీద ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే గంటకు 36 కి.మీ. లోపే వస్తుంది.

ఈ సూత్రంలో ఇంజన్ ఎక్కడుంది? వెతకండి, కనిపించదు! కారు ధరా లేదు, కంపెనీ పేరూ లేదు. ఉన్నవి నేల, టైరు, మలుపు. అందుకే అనుభవం ఉన్నవారు ముందు మంచి టైర్ల మీద ఖర్చు పెడతారు. మలుపుకూ మలుపుకూ మధ్య ఉండే చిన్న దూరంలోనే ఇంజన్ బలం పనికొస్తుంది. చాలా దారుల్లో రెండో గేరు దాటే అవసరమే రాదు.

సూత్రంలో బరువు కూడా లేదు కదా, మరి తేలిక కారు ఎందుకు అని మీరు అడగాలి. నిజమైన టైరు ఈ సూత్రానికి పూర్తిగా లొంగదు. దాని మీద బరువు రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు కంటే కాస్త తక్కువే పెరుగుతుంది. అలాగే ఒకే శక్తితో తేలిక బండి త్వరగా వేగం అందుకుంటుంది, ఒకే రకం బ్రేకులతో త్వరగా ఆగుతుంది. 800 కిలోల కారుకు 80 అశ్వశక్తి, 1200 కిలోల కారుకు 120 అశ్వశక్తి ఉంటే టన్నుకు రెండింటికీ 100 వస్తుంది. అయినా టైర్లు ఒకే రకమైతే మెలికల దారిలో తేలిక కారుదే పైచేయి.

కారులో ఇంకేం చూడాలి?

మొదటిది ఎత్తు. గురుత్వ కేంద్రం కిందికి ఉన్న కారు మలుపులో తక్కువగా వాలుతుంది. ఎత్తైన జీపుల్లాంటివి వేగంగా తిప్పితే బోల్తా పడవచ్చు.

రెండోది ముందు, వెనక చక్రాల మధ్య దూరం. దీన్ని వీల్‌బేస్ అంటారు. ఇది తక్కువగా ఉంటే కోన్ల మధ్య చురుగ్గా తిరుగుతుంది. మరీ తక్కువైతే వెనక భాగం నిలకడగా ఉండదు.

మూడోది ఇంజన్ ఏ చక్రాలను తిప్పుతుంది అన్నది. ముందు చక్రాలైతే, వేగం ఎక్కువైనప్పుడు కారు తిరగకుండా తిన్నగా పోవాలని చూస్తుంది. కాలు కాస్త తీస్తే సర్దుకుంటుంది కాబట్టి కొత్తవారికి ఇది నయం. వెనక చక్రాలైతే తోక పక్కకు జారుతుంది. అదుపు చేయడం వచ్చినవారికి అదే లాభం. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల కారు ఇలాంటిదే. బరువు టన్నుకు లోపే. మహా బలమైనదేమీ కాదు. అయినా ఇలాంటి పోటీల్లో బాగా పేరు తెచ్చుకుంది.

మన తెలుగువారి కథ ఒకటి

కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ అక్కడివారే. పందెం కార్లంటే ధనవంతులకే అనుకునే రోజుల్లో ఆయన మారుతీ 800 ఇంజన్‌తో ఒంటి సీటు పందెం కారు తయారు చేశారు. 1988లో ఫార్ములా మారుతీ పోటీలు మొదలయ్యాయి. ఇంజన్ 796 సీసీ మాత్రమే. అందరికీ అదే ఇంజన్ కాబట్టి, నడిపేవారి నేర్పు ఎంతో పందెంలోనే తేలిపోయేది. ఆయన మేనల్లుడు నరైన్ కార్తికేయన్ తొలి అడుగులు వేసింది ఆ చిన్న కార్లలోనే. 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు అతనే. కరివర్ధన్ 1995లో చిన్న విమానం కూలి మరణించారు. కోయంబత్తూరు దగ్గర 2003లో ప్రారంభమైన పందెం మైదానానికి ఆయన పేరే పెట్టారు.

మన ఇంటి కారు సంగతి

బదిలీ ఉద్యోగుల ఇళ్ళలో కారు ఎంపిక ఇంకో రకం. రాష్ట్రం మారిన ప్రతిసారీ నంబరు మార్చుకునే ఇబ్బంది తగ్గించడానికి 2021లో బీహెచ్ సిరీస్ వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు దీన్ని తీసుకోవచ్చు. ఇంట్లో కొత్త కారు మాట వస్తే నాన్నకో, అమ్మకో గుర్తు చేయండి. రోడ్డు మీద తిరిగే బండి అసలు నిర్మాణాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదని కూడా చెప్పండి.

చివరగా ఒక ముఖ్యమైన మాట. కారు లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. 2019 సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే పెద్దలకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉన్నాయి. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చే వరకు లైసెన్సు ఇవ్వరు. కేంద్ర ఉద్యోగి ఇంట్లో ఇది ఎంత తలవంపో వేరే చెప్పాలా? సాయంత్రం తెలిపారా వీధిలో జనం, సైకిళ్ళు, ఆవులు అన్నీ ఉంటాయి. అక్కడ కోన్‌కు బదులు మనిషి తగులుతాడు. 2 సెకన్లు కలిపితే ఆ లెక్క సరిపోదు.

ఆటోక్రాస్ సరదా ఇప్పుడే కావాలంటే దారి ఉంది. పీటీ సారును అడిగి స్కూలు మైదానంలో పది నీళ్ళ సీసాలు, మూడేసి మీటర్ల దూరంలో నిలబెట్టండి. హెల్మెట్ పెట్టుకుని సైకిల్ మీద మెలికలు తిరగండి. ఒకరు గడియారం పట్టుకోండి. సీసా పడితే 2 సెకన్లు. చిన్న సైకిళ్ళకూ పెద్ద సైకిళ్ళకూ క్లాసులు మీరే పెట్టుకోండి. గేర్ల సైకిల్ గెలుస్తుందో, తమ్ముడి చిన్న సైకిల్ గెలుస్తుందో రాసి నాకు చూపించండి.