కుడి నుంచీ ఎడమ నుంచీ రాసే పెట్టె

ఖతార్ ఫోన్ నంబర్‌లో ఎనిమిది అంకెలుంటాయి. ముందు ప్లస్ గుర్తు, 974 అనే దేశ సంకేతం, ఆపైన నాలుగేసి అంకెల జట్లు రెండు. దోహాలోని ఒక సంస్థ తన అరబ్బీ పేజీలో, వాక్యం మధ్యన, ఈ నంబర్‌ను మామూలుగా టైపు చేసి సేవ్ చేసిందనుకుందాం. తెరమీద ప్లస్ గుర్తు 974కు కుడిపక్కకు దూకుతుంది. చివరి నాలుగంకెలు ఎడమ కొసకు పోతాయి. ఎడమ నుంచి చదివే అలవాటున్నవారు నంబర్‌ను తారుమారుగా డయల్ చేస్తారు. టైపు చేసినవారి తప్పేమీ లేదు. కంప్యూటర్ కూడా, లిపులన్నిటికీ ప్రమాణమైన యూనికోడ్ నియమం ప్రకారమే నడిచింది: అరబ్బీ అక్షరాలు కుడి నుంచి ఎడమకు, ప్రతి అంకెల జట్టూ తనలో తాను ఎడమ నుంచి కుడికి, జట్ల మధ్య ఖాళీలేమో చుట్టూ ఉన్న వాక్యం దిశకు.

ఆ నంబర్‌ను టైపు చేసిన పెట్టె ఇలా ఉంటుంది: పైన బోల్డ్, ఇటాలిక్, లింకు, బొమ్మ బటన్లు, కింద రాసుకునే జాగా. వెబ్‌సైట్‌లో అమర్చే ఈ పెట్టెనే విజువల్ హెచ్‌టీఎంఎల్ ఎడిటర్ అంటారు. ఎవరైనా పది నిమిషాల్లో పేజీలో పెట్టేయగల వస్తువు ఇది. సరిగ్గా పెట్టడం మాత్రం వేరే పని. ఎందుకు వేరే పనో తెలియాలంటే దీని పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

తెరమీద ఎలా కనిపిస్తే కాగితం మీద అలాగే రావాలన్న ఆలోచన 1974లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రూపం దాల్చింది. బట్లర్ లాంప్సన్, ఛార్లెస్ సిమోన్యీ ఆల్టో కంప్యూటర్ కోసం చేసిన ఆ ప్రోగ్రామ్ పేరు బ్రావో. పదహారేళ్ల తర్వాత, 1990లో, సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ మొదటి బ్రౌజర్ రాసినప్పుడు అందులో చదవడం, రాయడం రెండూ ఉన్నాయి. చదువుతున్న కిటికీలోనే దిద్దవచ్చు, లింకు కలపవచ్చు. వెబ్ గురించి నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే సంగతి ఇది. దాన్ని కనిపెట్టినవాడి ఊహలో పాఠకుడు, రచయిత వేరు వేరు మనుషులు కారు.

కానీ ఆ బ్రౌజర్ నెక్స్ట్ కంప్యూటర్ల మీదే నడిచేది. మిగతా యంత్రాల కోసం వచ్చినవి చదవడానికే పనికొచ్చాయి. 1993లో వచ్చిన మొజాయిక్‌తో వెబ్ లోకమంతా పాకింది. కలం మాత్రం వెనక ఉండిపోయింది. పేజీ పెట్టాలంటే ట్యాగులు అనే హెచ్‌టీఎంఎల్ గుర్తులు చేత్తో రాసి, ఫైలును సర్వర్‌కు పంపాలి. ఫ్రంట్‌పేజ్, నెట్‌స్కేప్ నావిగేటర్ గోల్డ్ వంటివి కొంత సాయం చేశాయి గానీ, అవి మన కంప్యూటర్‌లో కూర్చునే ప్రోగ్రాములు. పేజీలోనే, ఏ ఊళ్లో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా రాయగలగడం 2000 జులైలో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5తో తేలికైంది. పేజీలో ఏ భాగాన్నయినా దిద్దుకోనిచ్చే కంటెంట్‌ఎడిటబుల్ అనే లక్షణాన్ని మైక్రోసాఫ్ట్ అందులో చేర్చింది.

అప్పటికి ఈ లక్షణానికి ప్రమాణం లేదు. 2003లో మొజిల్లా 1.3 అదే పనిని తన తీరులో చేసింది. ఎంటర్ కొడితే ఒక బ్రౌజర్ కొత్త పేరా ఇచ్చేది, ఇంకొకటి డివ్ ట్యాగు, మరొకటి ఉత్త లైన్ బ్రేక్. బోల్డ్ బటన్‌కూ అంతే, తలా ఒక ట్యాగు. ఎంబ్రాయిడరీ గుడ్డలా, ముందువైపు పువ్వు ఒకటే, వెనకవైపు దారాల చిక్కు ఎవరిది వారిది. ఈ చిక్కు విప్పే భారం ఎడిటర్లు చేసేవారి మీద పడింది. ఫ్రెడెరికో కాల్డెరా నాబెన్ 2003లో తన పేరు పొడి అక్షరాలతో విడుదల చేసిన ఎడిటరే 2009లో సీకే‌ఎడిటర్ అయింది. స్వీడన్‌లోని మాక్సీకోడ్ 2004లో టైనీఎంసీఈ తెచ్చింది. 2005 డిసెంబర్‌లో వర్డ్‌ప్రెస్ 2.0 దాన్ని కడుపులో పెట్టుకున్నాక, ట్యాగు అనే మాటే వినని లక్షలాదిమంది వెబ్‌లో రాయసాగారు.

అమర్చే పని పైకి ఇంతే. ఫారంలో ఒక మామూలు టెక్స్ట్ ఏరియా ఉంటుంది. ఎడిటర్ స్క్రిప్ట్ దాన్ని దాచి, దాని చోట బటన్ల పెట్టెను నిలబెడుతుంది. సేవ్ నొక్కగానే, రాసినదాన్ని హెచ్‌టీఎంఎల్‌గా మార్చి దాచిన చోట నింపి సర్వర్‌కు పంపుతుంది. ఇంగ్లీషు సైట్‌కు ఇది చాలుననిపిస్తుంది. ఖతార్‌లో చాలదు. అక్కడ 2019 నాటి 7వ నంబర్ చట్టం ప్రభుత్వ కార్యాలయాల పనిలో, ప్రచురణల్లో అరబ్బీ వాడకాన్ని తప్పనిసరి చేసింది. వచ్చి స్థిరపడ్డవారిలో పెద్ద సంఖ్య భారతీయులది, కాబట్టి ఇంగ్లీషూ కావాలి. తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక వంటి దోహా సంఘాలు ఉగాది ఆహ్వానం రాయాలంటే మూడో లిపీ కావాలి.

ఇక్కడ నాలుగు దిశలను విడివిడిగా ఆలోచించాలి: బటన్ల వరస దిశ, రాసే జాగా దిశ, ఒక్కో పేరా దిశ, చివరికి అచ్చయ్యే పేజీ దిశ. ఎడిటర్ భాషను అరబ్బీకి మార్చితే బటన్ల పేర్లు మారతాయి; రాసే జాగా దిశకు మరో సెట్టింగు ఉంటుంది. ఒకటి మార్చి రెండోది మరిచిపోవడం చాలా మామూలు. దానికన్నా ఎక్కువగా జరిగేది ఇంకొకటి. అరబ్బీ రాసేవారికి కుడివైపు దిశ బటన్ కనపడకపోతే, వాక్యాన్ని కుడి అంచుకు జరిపే బటన్ నొక్కుతారు. చూపుకు అంతా సరిపోయినట్టే ఉంటుంది. కానీ పేరా లోపల ఇంకా ఎడమ నుంచి కుడికే నడుస్తోంది కాబట్టి వాక్యం చివరి చుక్క తిరిగివచ్చి మొదటి మాట పక్కన నిలబడుతుంది. దిశ బటన్లు రెండూ బార్ మీద మొదటి వరసలో ఉండాలని నేను గట్టిగా అంటాను. వాటికి చోటు కావాలంటే రంగుల బటన్, ఫాంటు బటన్ తీసేయండి. పేజీ అందానికి అవి చేసే మేలు తక్కువ.

దిశను కంప్యూటర్‌కే వదిలేసే ఆటో పద్ధతి ఉంది. అది పేరాలోని మొదటి బలమైన అక్షరాన్ని, అంటే తనకంటూ దిశ ఉన్నదాన్ని, చూసి తేల్చుకుంటుంది. అరబ్బీ ప్రకటన ఫిఫా అనే ఇంగ్లీషు అక్షరాలతోనో, ఒక తెలుగు పేరుతోనో మొదలైతే పేరా మొత్తం తిరగబడుతుంది. ఫోన్ నంబర్లకు ఖాయమైన మందు ఒకటే: నంబర్ చుట్టూ ఎడమ నుంచి కుడికి అనే దిశ గుర్తు కట్టేయడం. దీనికి ఎడిటర్‌లో ఒక బటన్ చేసిపెట్టడం ప్రోగ్రామర్‌కు కాసేపటి పని. రాసేవారికి జీవితాంతం సుఖం.

అయితే ఆ గుర్తు సర్వర్ మీది వడపోతను దాటి బతకాలి. ఆ వడపోత ఎందుకో ఒక పాత సంఘటన చెబుతుంది. 2005 అక్టోబర్ 4న శామీ కామ్‌కార్ అనే యువకుడు మైస్పేస్ అనే సామాజిక వెబ్‌సైట్‌లోని తన పేజీలో వడపోతకు చిక్కని స్క్రిప్ట్ దాచాడు. ఆ పేజీ చూసిన ప్రతివారి పేజీకీ అది అంటుకుని, ఇరవై గంటల్లోపే పది లక్షలమందికి పైగా పాకింది. రాసే పెట్టె ఇచ్చామంటే మన పేజీలోకి కోడ్ పంపే తలుపు తెరిచినట్టే. పెట్టెలో బటన్ తీసేస్తే సరిపోదు, పెట్టెను దాటి నేరుగా సర్వర్‌కు పంపేవారుంటారు. అందుకని వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను సర్వర్ మీదే వడపోయాలి: అనుమతించిన ట్యాగులే ఉంచి మిగతావన్నీ తీసేయాలి. హెచ్‌టీఎంఎల్ ప్యూరిఫయర్ వంటి సాధనాలు ఇందుకే పుట్టాయి. ఆ అనుమతి జాబితాలో దిశ గుర్తును చేర్చకపోతే, దొంగతో పాటు ఫోన్ నంబర్ కాపలాదారూ బయటికి పోతాడు. రాస్తున్నప్పుడు సరిగ్గా ఉన్న పేజీ సేవ్ చేశాక చెడిపోతే మొదట ఇక్కడే వెతకాలి.

వర్డ్ నుంచి తెచ్చి అతికించే రాత మరో బెడద. దానివెంట దాగి వచ్చే శైలులను అతికించే క్షణంలోనే తుడిచేయాలి. శీర్షికను శీర్షిక ట్యాగుతోనే పెట్టించాలి, బోల్డ్ చేసి పెద్దది చేస్తే కుదరదు; చూపులేనివారి స్క్రీన్ రీడర్‌కు ఆ పెద్ద అక్షరం శీర్షికని తెలియదు. సాంకేతిక సాయంతో వికలాంగులకు దారులు తెరవడానికి ఖతార్ 2010లోనే మదా కేంద్రాన్ని స్థాపించింది. అలాంటి చోట బొమ్మ పెట్టేటప్పుడు వివరణ అడగని ఎడిటర్ ఉండకూడదు.

తెలుగుకు తనవైన కష్టాలున్నాయి. స్త్రీ అన్న మాట కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. బ్యాక్‌స్పేస్ నొక్కితే ఒక సంకేతం పోవాలా, అక్షరమంతా పోవాలా? బాణం నొక్కితే కర్సర్ ఎక్కడ ఆగాలి? తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయరాని ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 కూర్పుతో వచ్చింది. ఇంగ్లీషు మీటలతో తెలుగు టైపు చేసేటప్పుడు మాట పూర్తయ్యేదాకా అక్షరాలు మారుతూనే ఉంటాయి. ఆ మధ్యలో ఎడిటర్ తొందరపడి తెరను తిరిగి గీస్తే మాట తెగిపోతుంది, లేదా రెండుసార్లు పడుతుంది.

ఈ బాధలన్నీ చూశాక, 2015లో వచ్చిన ప్రోజ్‌మిర్రర్, ఆ తర్వాతి సీకేఎడిటర్ 5 దారి మార్చాయి. బ్రౌజర్ ఇచ్చే హెచ్‌టీఎంఎల్‌ను నమ్మకుండా, రచనకు సొంతంగా ఒక నిర్మాణాన్ని లోపల ఉంచుకుంటాయి; తెర దాని నీడ మాత్రమే. కొత్తగా పెట్టేవారు ఇలాంటిదే ఎంచుకోవాలని నా అభిప్రాయం. సీకేఎడిటర్ 4కు ఉచిత మరమ్మతులు 2023 జూన్‌తో ఆగిపోయాయి. టైనీఎంసీఈ 2024లో ఏడో కూర్పుతో జీపీఎల్ లైసెన్సుకు మారింది కాబట్టి, తమ ఉత్పత్తిలో కలిపి అమ్మేవారు షరతులు చదవాలి. 2024 జనవరిలో క్రోమ్ 121 ఎడిట్‌కాంటెక్స్ట్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. అందులో టైపు చేసింది నేరుగా పేజీని ముట్టదు. ముందు ఎడిటర్ చేతికి వస్తుంది, ఎలా చూపాలో అదే తేల్చుకుంటుంది.